సర్వర్లు పది దాటాక అప్‌డేట్లు: వాటంతట అవే వేసుకోవాలా, మనం వెయ్యాలా, సొంత రిపో పెట్టాలా?

ఒక్క సర్వర్ ఉన్నవాళ్లకి ఈ గొడవే లేదు. వారానికోసారి లాగిన్ అయ్యి ఆప్ట్ అప్‌గ్రేడ్ అనో డీఎన్‌ఎఫ్ అప్‌గ్రేడ్ అనో కొడితే, రిపో (ప్యాకేజీలు, అంటే సాఫ్ట్‌వేర్ మూటలు, ఉండే చోటు) నుంచి కొత్తవి వచ్చి పని అయిపోతుంది. మూడు నాలుగు ఉన్నా అంతే, కాస్త విసుగు తప్ప. పది దాటాకే అసలు సంగతి మొదలవుతుంది: దేనికి వేశామో దేనికి వెయ్యలేదో గుర్తుండదు, కొన్నింట్లో డెబియన్ లినక్స్ (ఆప్ట్ వాడేది), కొన్నింట్లో రెడ్ హ్యాట్ వంశం (డీఎన్‌ఎఫ్ వాడేది), మూలన ఎవరో ఎప్పుడో పెట్టి వెళ్లిపోయిన ఒక ఫ్రీబీఎస్‌డీ (లినక్స్ కాని ఇంకో ఓఎస్) బాక్స్, దాని జోలికి వెళ్లడానికి ఎవరికీ ధైర్యం చాలదు.

అప్పుడు అందరూ అడిగేది "ఏ టూల్ వాడమంటారు" అని. నన్నడిగితే అది రెండో ప్రశ్న. మొదటిది ఇది: అప్‌డేట్ పడ్డాక సర్వీసు లేవకపోతే ఆ సంగతి ఎవరికి, ఎంతసేపటికి తెలుస్తుంది? ఆ మెషిన్ ఒక 10 నిమిషాలు లేకపోతే ఎవరైనా గమనిస్తారా? వచ్చే పనిని సర్వర్లకి పంచే లోడ్ బ్యాలెన్సర్ వెనకున్న ఆరు వెబ్ సర్వర్లలో ఒకటి పడితే ఎవరికీ పట్టదు. జంట లేని డేటాబేస్ సర్వర్ పడితే ఫోన్లు మోగుతాయి. ఈ రెండింటికీ ఒకే పద్ధతి పెడదామనుకునేసరికే సగం తలనొప్పులు వచ్చేస్తాయి, ఏ టూల్ కొన్నా పోవు.

నా సలహా ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత. సర్వర్లు 5 నుంచి 50 మధ్య ఉన్నవాళ్లలో ఎక్కువమందికి సరిపోయేది ఇది: సెక్యూరిటీ అప్‌డేట్లు ప్రతి మెషిన్ తనంతట తాను వేసుకోవాలి, మిగతా అప్‌డేట్లూ రీబూట్లూ ఆన్సిబుల్‌తో (ఒకచోటి నుంచి చాలా మెషిన్లకి పనులు చెప్పే టూల్) మనం చూస్తుండగా జరగాలి. ఇంతకన్నా పెద్ద ఏర్పాటు కావాల్సినవాళ్లు ఉన్నారు, కానీ చాలామంది తమకి కావాలనుకుంటారే తప్ప నిజంగా అవసరం ఉండదు.

ఫర్ లూప్ సంగతి

అందరం ఇక్కడే మొదలుపెడతాం, సిగ్గుపడాల్సిందేం లేదు. ఒక ఫైల్లో హోస్ట్ పేర్లు, ఒక్కో పేరుకీ అదే కమాండ్ నడిపే ఒక షెల్ లూప్, లోపల దూరపు మెషిన్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్. నేనైతే వైల్ రీడ్ లూప్ (ఫైల్లోంచి ఒక్కో లైనూ చదువుతూ నడిచేది) రాశాను, 14 మెషిన్లకి. చక్కగా నడిచింది, ఎర్రర్ లేదు, లూప్ ముగిసింది, నేను సంతోషంగా లేచి వెళ్లిపోయాను. రెండు వారాల తర్వాత తెలిసింది ఏమిటంటే అప్‌డేట్ అయ్యింది మొదటి మెషిన్ ఒక్కటే. ఎస్‌ఎస్‌హెచ్ తన స్టాండర్డ్ ఇన్‌పుట్‌లో (ఇక్కడ అది ఆ పేర్ల ఫైలే) ఏముంటే అది చదివేసుకుంటుంది కాబట్టి, మిగతా 13 పేర్లనీ అదే మింగేసింది, లూప్‌కి చదవడానికి ఏమీ మిగల్లేదు. ఎస్‌ఎస్‌హెచ్‌కి మైనస్ ఎన్ ఆప్షన్ ఇచ్చి ఉంటే సరిపోయేది. అది తెలిసేసరికి ఆ 13 మెషిన్లూ రెండు వారాలు పాత ప్యాకేజీలతోనే ఉన్నాయి.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆప్ట్‌కి మైనస్ వై ఇస్తే అన్నింటికీ ఎస్ అన్నట్టే అనుకుంటాం. కాదు. కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైల్‌ని మీరు మార్చి ఉండి, కొత్త ప్యాకేజీలో దానికి కొత్త రూపం వస్తే, పాతది ఉంచాలా కొత్తది పెట్టాలా అని డీపీకేజీ (ఆప్ట్ కింద ఉండి ప్యాకేజీలు పెట్టేది) విడిగా అడుగుతుంది. ఆ ప్రశ్న దగ్గర లూప్ ఆగిపోతుంది, లేదా కనెక్షన్ తెగి ప్యాకేజీ సగం కాన్ఫిగర్ అయ్యి మిగిలిపోతుంది. ఫోర్స్ కాన్ఫ్‌ఓల్డ్ ఆప్షన్, డెబియన్ ఫ్రంటెండ్ నాన్‌ఇంటరాక్టివ్ అనే వేరియబుల్ రెండూ పెడితే గానీ దీని నోరు మూతపడదు.

పీఎస్‌ఎస్‌హెచ్, పీడీఎస్‌హెచ్, క్లస్టర్ ఎస్‌ఎస్‌హెచ్ లాంటివి లూప్ కన్నా మెరుగే, ఒకేసారి అన్నింటి మీదా నడుస్తాయి, ఏది ఫెయిలయ్యిందో కనిపిస్తుంది. డెబియన్ మెషిన్లే ఉన్నవాళ్లకి ఆప్ట్ డేటర్ అని ఒక టెర్మినల్ టూల్ ఉంది, ఏ హోస్ట్‌లో ఎన్ని అప్‌డేట్లు పెండింగో లిస్టుగా చూపిస్తుంది. ఐదారు మెషిన్ల వరకూ ఇవి చాలు. ఆపైన ఇవేవీ "నిన్న ఏం జరిగింది" అన్న ప్రశ్నకి సరైన జవాబు చెప్పలేవు.

తనంతట తానే వేసుకునే పద్ధతి

ఉబుంటు, డెబియన్‌లలో అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్, రెడ్ హ్యాట్ వంశంలో డీఎన్‌ఎఫ్ ఆటోమేటిక్. రెండూ ఉచితం, రెండూ చిన్నవి, సెంట్రల్ సర్వర్ అక్కర్లేదు. చాలామంది వీటిని భయంతో ఆపేస్తారు, "రాత్రిపూట ఏదో విరగ్గొడుతుంది" అని. ఆ భయం పూర్తిగా తప్పని అనను గానీ, లెక్క వేస్తే అప్‌డేట్ వెయ్యక జరిగే నష్టమే నాకు పెద్దదిగా కనిపిస్తుంది. స్టేబుల్ డిస్ట్రిబ్యూషన్లలో సెక్యూరిటీ అప్‌డేట్ అంటే సాధారణంగా కొత్త వెర్షన్ కాదు, ఉన్న వెర్షన్‌కే ఆ రంధ్రం పూడ్చిన ముక్క అతికించి ఇస్తారు. అందుకే అవి విరగ్గొట్టడం అరుదు.

ఇక్కడ ఎవరో ఒకరు ఎక్స్‌జెడ్ గుర్తుచేస్తారు, ఫైళ్లు కుదించే ఆ టూల్‌లోకి ఎవరో దొంగదారి (బ్యాక్‌డోర్) దూర్చిన ఉదంతం. 2024 మార్చిలో బయటపడ్డ ఆ బ్యాక్‌డోర్ ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఉంది, నిజమే. అయితే అది చేరింది డెబియన్ టెస్టింగ్, అన్‌స్టేబుల్, ఫెడోరా రాహైడ్ లాంటి ముందు వరసలోకి. డెబియన్ స్టేబుల్‌లోకి రాలేదు. కాబట్టి ఆ ఉదంతం చూపించి స్టేబుల్‌లో సెక్యూరిటీ అప్‌డేట్లు ఆపుకోవడం అర్థం లేని పని. దాని నుంచి నేర్చుకోవాల్సిందేదైనా ఉంటే, ప్రొడక్షన్‌లో సరికొత్త వెర్షన్ల వెంట పడొద్దని.

రెండు టూల్స్‌కీ డీఫాల్ట్‌లు మాత్రం వేరు, అక్కడే జనం దెబ్బతింటారు. ఈమధ్య వచ్చిన ఉబుంటు సర్వర్లలో అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్ ముందే ఆన్‌లో ఉండి సెక్యూరిటీ వరకూ వేసుకుంటుంది. రెడ్ హ్యాట్ 8, 9 వంశంలో డీఎన్‌ఎఫ్ ఆటోమేటిక్‌ని మీరే పెట్టుకోవాలి, పెట్టాక కూడా కాన్ఫిగ్‌లో అప్లై అప్‌డేట్స్ అనేది నో అని ఉంటుంది, అంటే డౌన్‌లోడ్ చేసి చేతులు కట్టుకుని కూర్చుంటుంది. దాన్ని ఎస్ చేస్తే అన్ని అప్‌డేట్లూ వేసేస్తుంది, సెక్యూరిటీ మాత్రమే కావాలంటే అప్‌గ్రేడ్ టైప్ కూడా మార్చాలి. రెండు లైన్లే, కానీ ఆ రెండు లైన్లు చూడకుండా "ఆటోమేటిక్ పెట్టేశాం" అని చెప్పుకునేవాళ్లు బోలెడుమంది.

బయటి రిపోల సంగతి ఇంకొకటి. పోస్ట్‌గ్రెస్, డాకర్, ఎన్‌జిన్ఎక్స్ లాంటివాటిని వాటి తయారీదారుల రిపో నుంచి పెట్టుకుని ఉంటే, అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్ డీఫాల్ట్‌గా వాటిని ముట్టుకోదు, అనుమతించిన మూలాల లిస్టులో చేర్చితేనే వేస్తుంది. డేటాబేస్ విషయంలో ఇది వరమే అనుకోండి. కాకపోతే అవి అప్‌డేట్ అవుతున్నాయన్న భ్రమలో మాత్రం ఉండకూడదు. ఆప్ట్ మార్క్ హోల్డ్, డీఎన్‌ఎఫ్ వెర్షన్‌లాక్ కూడా ఇలాంటివే: ఎవరో ఒక రాత్రి కంగారులో హోల్డ్ పెడతారు, ఆ హోల్డ్ సెక్యూరిటీ అప్‌డేట్లని కూడా ఆపుతుంది, రెండేళ్ల తర్వాత ఇంకెవరో కనిపెడతారు.

ఇక టైమింగ్. ఉబుంటులో ఈ పని చేసే టైమర్ పొద్దున 6 గంటలకి మొదలై గంట లోపల ఏదో ఒక క్షణంలో నడుస్తుంది. క్లస్టర్‌లో మూడు నోడ్లుంటే మూడూ ఆ గంటలోనే, అదృష్టం బాగోకపోతే ఒకే నిమిషంలో సర్వీసు రీస్టార్ట్ చేసుకుంటాయి. టైమర్‌ని ఓవర్‌రైడ్ చేసి ఒకదానికి సోమవారం, ఒకదానికి బుధవారం, ఒకదానికి శుక్రవారం పెట్టండి. ఐదు నిమిషాల పని.

ఈ పద్ధతికున్న అసలు లోటు రీబూట్. అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్‌లో ఆటోమేటిక్ రీబూట్ డీఫాల్ట్‌గా ఆఫ్. కొత్త కెర్నల్ (ఓఎస్ గుండెకాయ) డిస్కు మీద ఉంటుంది, నడిచేది పాతదే. లైబ్రరీలదీ అంతే: 2014లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ అనే రంధ్రం బయటపడినప్పుడు ఆ ప్యాకేజీని అప్‌డేట్ చేసి ఊరుకుంటే సరిపోలేదు, వెబ్ సర్వర్ రీస్టార్ట్ అయ్యేదాకా మెమరీలో ఉన్నది పాత లైబ్రరీయే. ఇప్పుడు దీనికి నీడ్ రీస్టార్ట్, రెడ్ హ్యాట్ వైపు నీడ్స్ రీస్టార్టింగ్ ఉన్నాయి, ఏ సర్వీసు పాత కాపీ పట్టుకుని ఉందో చెప్తాయి. నీడ్ రీస్టార్ట్‌ని ఆటోమేటిక్ మోడ్‌లో పెట్టే ముందు మాత్రం డేటాబేస్‌నీ, డాకర్ సర్వీసునీ దాని లిస్టులోంచి తప్పించండి. లైవ్ రీస్టోర్ (డాకర్ ఆగినా కంటెయినర్లని నడవనిచ్చే సెట్టింగ్) పెట్టకుండా డాకర్ సర్వీసు రీస్టార్ట్ అయితే లోపలి కంటెయినర్లన్నీ, అంటే దాంట్లో నడిచే అప్లికేషన్లన్నీ, ఆగుతాయి.

రీబూట్ లేకుండా నడుస్తున్న కెర్నల్‌నే సరిచేసే లైవ్ ప్యాచింగ్ ఉంది కదా అంటారా, ఉంది. అది కెర్నల్‌కి మాత్రమే, అందులోనూ ముఖ్యమైన రంధ్రాలకి. రీబూట్‌ని వాయిదా వేస్తుంది, తప్పించదు.

ఆన్సిబుల్

2012లో వచ్చింది, 2015లో రెడ్ హ్యాట్ కొనుక్కుంది. ఏజెంట్ (ప్రతి మెషిన్‌లో పెట్టే సహాయక ప్రోగ్రామ్) అక్కర్లేదు, ఎస్‌ఎస్‌హెచ్ ఉండి అవతల పైథాన్ ఉంటే చాలు. అప్‌డేట్ల పనిలో దీని గొప్పతనమంతా సీరియల్ అనే ఒక్క మాటలో ఉంది. సీరియల్ 1 అని పెడితే ఒక్కో మెషిన్‌కీ మొత్తం క్రమం పూర్తయ్యాకే తర్వాతి దాని దగ్గరికి వెళ్తుంది: లోడ్ బ్యాలెన్సర్‌లోంచి తియ్యి, అప్‌గ్రేడ్ చెయ్యి, రీబూట్ కావాలని ఫైల్ కనిపిస్తే రీబూట్ చెయ్యి, లేచిందాకా ఆగు, హెల్త్ చెక్ యూఆర్ఎల్ 200 (అంటే బాగానే ఉన్నాను అని) ఇస్తే మళ్లీ చేర్చు. ఒకటి లేవకపోతే అక్కడే ఆగిపోతుంది, మిగతా ఐదూ పాతవాటితో హాయిగా నడుస్తుంటాయి. ఈ ఆగిపోవడం ఫర్ లూప్‌కి రాదు, ఆటోమేటిక్ పద్ధతికీ రాదు. నేను ఆన్సిబుల్ వైపు మొగ్గడానికి కారణం ఇదొక్కటే, మిగతావన్నీ అదనం.

సీరియల్ పెట్టకపోతే ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. డీఫాల్ట్‌గా ఫోర్క్స్ 5, అంటే ఒక్కో టాస్క్‌నీ ఐదేసి మెషిన్ల మీద చేసుకుంటూ అన్నింటికీ ముగించి, అప్పుడు తర్వాతి టాస్క్‌కి వెళ్తుంది. మీ ప్లేబుక్‌లో (ఆన్సిబుల్‌కి రాసే పనుల జాబితా) మొదటి టాస్క్ "లోడ్ బ్యాలెన్సర్‌లోంచి తియ్యి" అయితే, ఆరు సర్వర్లనీ తీసేసి అప్పుడు అప్‌గ్రేడ్ మొదలుపెడుతుంది. ఇది ఒకసారి చూసినవాళ్లు ఇక జన్మలో సీరియల్ మర్చిపోరు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఎవరో ఒకరు నడిపితేనే నడుస్తుంది, ఆ మనిషి సెలవులో ఉంటే అప్‌డేట్లూ సెలవే. నడిపిన క్షణంలో ఆఫ్‌లో ఉన్న మెషిన్ తప్పిపోతుంది, తర్వాత దానంతట అది అడగదు. అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్ అదే సమయంలో నడుస్తుంటే డీపీకేజీ లాక్ దొరకదు, లాక్ టైమౌట్ పెంచుకోవాలి. పాత మెషిన్లతో పైథాన్ చిక్కు ఒకటుంది: ఆన్సిబుల్ కోర్ 2.17 నుంచి అవతల మెషిన్‌లో పైథాన్ 3.6ని వదిలేశారు, రెడ్ హ్యాట్ 8 వంశంలో డీఎన్‌ఎఫ్ నడిచేది ఆ 3.6 మీదే. అందుకే అలాంటివి ఉన్నవాళ్లు 2.16 దగ్గర ఆగి ఉంటారు. ఇంకా ముఖ్యమైంది, ఆన్సిబుల్ నడిపే మెషిన్‌కి అన్నింటి మీదా రూట్ (అంటే పూర్తి) అధికారం ఉంటుంది. అది ఎవరి ల్యాప్‌టాప్‌లోనో ఉండకూడదు.

పప్పెట్, చెఫ్, సాల్ట్

ఇవి సర్వర్ల సెట్టింగులని ఒకచోటి నుంచి చూసుకునే టూల్స్. ఇప్పటికే వాడుతున్నారా, వాటితోనే చెయ్యండి, ఇంకోటి తేకండి. అప్‌డేట్ల కోసమే కొత్తగా పెడదామనుకుంటున్నారా, వద్దు. పప్పెట్ ఏజెంట్ మామూలుగా 30 నిమిషాలకోసారి నడుస్తుంది. ఒక ప్యాకేజీకి ఎన్‌ష్యూర్ లేటెస్ట్ (ఎప్పుడూ సరికొత్తదే ఉండాలి) అని రాస్తే రిపోలో కొత్తది పడ్డ అరగంటలో మీ సర్వర్లన్నీ దాన్ని వేసుకుంటాయి, క్రమం లేదు, ఆగడం లేదు. వెర్షన్ నంబర్ రాస్తే ప్రతిసారీ మీరే మార్చాలి. సాల్ట్ వేగం బాగుంటుంది, వందల మెషిన్లకి ఒక్క దెబ్బలో చెప్పగలదు. కానీ 2020లో సాల్ట్ మాస్టర్‌లో (అన్నింటికీ ఆజ్ఞలిచ్చే సర్వర్) లాగిన్ అవసరం లేకుండా దూరి రూట్ పట్టేసే లోపం బయటపడి, 4505, 4506 పోర్టులు ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టినవాళ్లలో చాలామంది దెబ్బతిన్నారు. ప్యాచ్‌లు వెయ్యడానికి పెట్టిన సాఫ్ట్‌వేర్‌కే ముందు ప్యాచ్ వెయ్యాల్సి వచ్చింది.

సొంత రిపో, ఫ్రీజ్ చేసిన స్నాప్‌షాట్

ఇది విడి టూల్ కాదు, పై వాటిలో దేనితోనైనా కలిపే పద్ధతి. మంగళవారం టెస్ట్ సర్వర్‌లో అప్‌గ్రేడ్ చేసి చూశారు, అంతా బాగుంది. గురువారం ప్రొడక్షన్‌లో అదే కమాండ్ కొట్టారు. ఈ మధ్యలో బుధవారం రిపోలోకి కొత్త ప్యాకేజీలు వచ్చి ఉంటే, మీరు టెస్ట్ చేసింది ఒకటి, ప్రొడక్షన్‌లో వేసింది ఇంకొకటి. పది మెషిన్లకి ఇది పెద్ద లెక్క కాకపోవచ్చు. ఒకేలాంటివి 200 ఉంటే అవి మెల్లగా 200 రకాలవుతాయి, "ఆ ఒక్కదాంట్లోనే ఎందుకు క్రాష్ అవుతోంది" అని రోజులు పోగొట్టుకుంటారు.

దీనికి మందు మిర్రర్‌ని (రిపోకి మీ సొంత కాపీ) ఒక తేదీ దగ్గర ఫ్రీజ్ చెయ్యడం. డెబియన్, ఉబుంటులకి ఆప్ట్లీ ఉంది: మిర్రర్ తీస్తుంది, స్నాప్‌షాట్ చేస్తుంది, దాన్ని మీ సొంత కీతో సైన్ చేసి పబ్లిష్ చేస్తుంది. అదే స్నాప్‌షాట్‌ని ముందు టెస్ట్‌కి, వారం తర్వాత ప్రొడక్షన్‌కి ఇస్తారు. రెడ్ హ్యాట్ వైపు ఇదే పని పల్ప్ చేస్తుంది, దాని మీద క్యాటెల్లో, ఫోర్‌మన్ కూర్చుంటాయి, వీటినే కలిపి డబ్బులు తీసుకుని సపోర్ట్‌తో ఇచ్చేది శాటిలైట్. ఆప్ట్ క్యాచర్ ఎన్‌జీని చాలామంది ఇదే అనుకుంటారు, అది డౌన్‌లోడ్‌లు దాచుకునే క్యాష్ మాత్రమే, దేన్నీ ఫ్రీజ్ చెయ్యదు.

ఖర్చు ఏంటంటే డిస్కు, కీల పంపిణీ, ఇంకా ఒక మనిషి శ్రద్ధ. ఆ మూడోది చాలా ఖరీదు. ఫ్రీజ్ చేసిన రిపోని ముందుకి జరపడం మర్చిపోతే ఏమవుతుందో తెలుసా? ఏమీ కాదు. ప్రతి మెషిన్ "0 అప్‌డేట్లు పెండింగ్" అంటుంది, డ్యాష్‌బోర్డ్ అంతా ఆకుపచ్చగా ఉంటుంది, అందరూ సంతోషంగా ఆరు నెలల పాత ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో ఉంటారు. అందుకని ఈ దారి ఎంచుకుంటే స్నాప్‌షాట్ వయసు మీద అలర్ట్ పెట్టండి, 30 రోజులు దాటితే మోగాలి. లేదంటే సెక్యూరిటీ రిపోని నేరుగా వదిలేసి మిగతాది మాత్రం ఫ్రీజ్ చెయ్యండి. నేనైతే ఈ రెండోదే చేస్తాను.

శాటిలైట్, కానానికల్ వాళ్ల ల్యాండ్‌స్కేప్, సూసె మల్టీ లినక్స్ మేనేజర్ (పాత పేరు సూసె మేనేజర్), దాని ఓపెన్ సోర్స్ రూపం ఉయూని: ఇవన్నీ ఆడిటర్‌కి రిపోర్ట్ ఇవ్వాల్సినవాళ్లకి. "ఫలానా సీవీఈ (నంబరిచ్చిన సెక్యూరిటీ లోపం) ఏ మెషిన్లలో ఇంకా ఉంది" అని ఎవరైనా కాగితం అడిగితే ఇవి బటన్ నొక్కి ఇస్తాయి. ఆ కాగితం ఎవరూ అడగకపోతే, 20 సర్వర్ల కోసం శాటిలైట్ పెడితే ఆ 20 కన్నా శాటిలైట్‌ని చూసుకోవడమే పెద్ద ఉద్యోగం అవుతుంది.

లినక్స్ కానివి కూడా ఉంటే

ఫ్రీబీఎస్‌డీలో మామూలు పద్ధతిలో బేస్ సిస్టమ్ వేరు, ప్యాకేజీలు వేరు. బేస్‌కి ఫ్రీబీఎస్‌డీ అప్‌డేట్, ప్యాకేజీలకి పీకేజీ, రెండూ చెయ్యాలి. బేస్ టూల్‌కి క్రాన్ మోడ్ (టైం ప్రకారం దానంతట అది నడిచేది) ఉంది గానీ అది తెచ్చి పెట్టి మెయిల్ పంపుతుంది, వెయ్యదు. అందులో నాకు బాగా నచ్చేది జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లోని బూట్ ఎన్విరాన్‌మెంట్లు: అప్‌డేట్‌కి ముందు బీఈసీటీఎల్‌తో ఒక కాపీ తీసి పెడితే, చెడితే పాతదాంట్లోకి బూట్ అవ్వడమే. ఆప్ట్‌లో ఇలా సిస్టమ్ మొత్తం పాత స్థితికి వెళ్లే దారి లేదు. డీఎన్‌ఎఫ్ హిస్టరీ అన్‌డూ ఉన్నా పాత వెర్షన్ రిపోలో ఇంకా ఉంటేనే పని చేస్తుంది. దాని బంధువు ఓపెన్‌బీఎస్‌డీలో 2017లో వచ్చిన 6.1 నుంచి సిస్‌ప్యాచ్ ఉంది, బేస్‌కి ఒక్క కమాండ్. ఇలా కలగాపులగంగా ఉన్నవాళ్లకి ఆన్సిబుల్ తప్ప నేను వేరే పేరు చెప్పను, కన్సోల్ ఉన్న పెద్ద టూల్స్‌లో చాలావరకూ లినక్స్ దాటి ఆలోచించవు.

ప్రతి మెషిన్‌నీ ఇమేజ్ (ముందే కట్టి పెట్టిన డిస్కు కాపీ) నుంచి కొత్తగా లేపి పాతదాన్ని పారేసే ఏర్పాటు ఉన్నవాళ్లకి ఈ వ్యాసం అక్కర్లేదు, వాళ్ల అప్‌డేట్ అంటే కొత్త ఇమేజ్ కట్టడమే. అయితే ఆ ఇమేజ్ చివరిసారి ఎప్పుడు కట్టారో ఒకసారి చూసుకోండి.

ఏది ఎంచుకున్నా

టూల్ "అప్‌డేట్ అయ్యింది" అనడం వేరు, మెషిన్ అనడం వేరు. నా వైల్ రీడ్ లూప్ కూడా అయ్యిందనే చెప్పింది. ప్రతి మెషిన్ రోజుకోసారి మూడే విషయాలు మానిటరింగ్‌కి పంపాలి: చివరి అప్‌గ్రేడ్ తేదీ, పెండింగ్ సెక్యూరిటీ అప్‌డేట్ల సంఖ్య, రీబూట్ బాకీ ఉందా లేదా. ప్రొమీథియస్ లాంటి మానిటరింగ్ టూల్ అయినా సరే, ఒక క్రాన్ స్క్రిప్ట్ రాసే టెక్స్ట్ ఫైల్ అయినా సరే. ఇంకా, బూట్ పార్టిషన్‌లో ఖాళీ ఎంతుందో కూడా చూడండి, పాత కెర్నళ్లతో అది నిండిపోతే కొత్త కెర్నల్ ఎక్కక అప్‌గ్రేడ్ మధ్యలో ఆగిపోతుంది.

ఈ రోజే మొదలుపెడదామనుకుంటే ముందు అన్ని మెషిన్లలో అప్‌టైమ్ (రీబూట్ లేకుండా ఎన్ని రోజులుగా నడుస్తోందో) చూసి పెద్దవి పైకి వచ్చేలా లిస్టు వెయ్యండి. 400 రోజులు అని ఉన్నది గర్వపడాల్సిన మెషిన్ కాదు, అది మళ్లీ లేస్తుందో లేదో ఎవరికీ తెలియని మెషిన్. బ్యాకప్ సరిగా ఉందో లేదో చూసుకుని, పగటిపూట, కన్సోల్ తెరిచి పెట్టుకుని, ఏ అప్‌డేటూ వెయ్యకుండానే ముందు దాన్ని ఒకసారి రీబూట్ చెయ్యండి. లేవకపోతే తప్పు అప్‌డేట్‌ది కాదని తేలుతుంది, ఎప్పుడో చేతితో మార్చి మర్చిపోయిన కాన్ఫిగ్ కోసం వెతకడం మొదలుపెట్టొచ్చు. లేస్తే అప్పుడు అప్‌డేట్లు వేసి, ఇంకోసారి రీబూట్ చెయ్యండి.